వంతెన కింద ఒక ఆయ్

పావురాల రెట్ట ఎండకముందే ఊడ్చేయాలి. ఎండితే గీకాలి, గీకితే దుమ్ము లేస్తుంది, ఆ దుమ్ము గొంతులోకి పోతే రాత్రంతా దగ్గే. అందుకని పెద్దిరాజు పొద్దున్నే మొహానికి తువ్వాలు చుట్టుకుని, పిల్లరు నెత్తిమీద గొంతుక్కూర్చుని, కురచ చీపురుతో మూలమూలా ఊడుస్తున్నాడు. పైన రోడ్డు, కింద వైనతేయ గోదావరి, మధ్యలో మనిషి నిలబడితే తల తగిలేటంత జాగా. పావురాలు అతణ్ణి ఎప్పుడో లెక్కలోంచి తీసేశాయి. చీపురు దగ్గరికొస్తే కాస్త పక్కకి జరిగి, అది వెళ్ళగానే మళ్ళీ వచ్చి కూర్చుంటున్నాయి.

చేతులు పని చేస్తున్నాయి గాని, చెవులు మాత్రం పైన రోడ్డు మీదే ఉన్నాయి. మధ్యాహ్నం భోజనాల వేళ దాటాక ఒక వ్యాను ఈ వంతెన మీదుగా వెళ్తుంది. అందులో అతని భార్య లక్ష్మీదుర్గ ఉంటుంది. అమలాపురం, కొత్తపేట, రావులపాలెం దాటి హైదరాబాదు చేరి, రేపు కువైట్ విమానం ఎక్కుతుంది. ఎవరి ఇంట్లోనో వంట చెయ్యడానికి. రెండేళ్ళ దాకా తిరిగి రాదు. ఈలోగా అతను ఆమెతో ఒక్క మాట అనాలి. పెద్ద మాటేం కాదు, కోనసీమలో మాటలు నేర్చిన ప్రతి పిల్లాడూ అవునండి, సరేనండి అనడానికి బదులు అనేదే. ఆయ్.

ఆ మాటకి అతని దగ్గర కరువేం లేదు. సూపర్‌వైజరు అబ్రహాము "బాబాయ్, ఇవాళ ఆ చివరి పిల్లరు చూడాలి" అంటే, ఆయ్. టీ కొట్టువాడు "పంచదార తగ్గించమంటారాండీ" అంటే, ఆయ్. బస్సులో కండక్టరు లోపలికి జరగమంటే, జరగడానికి జానెడు చోటు లేకపోయినా, ఆయ్. ఎదుటివాళ్ళు అడిగిందేమిటో సగం వినకుండానే అతని నోట్లోంచి అది ఊడిపడుతుంది. దుర్గ ఆ సంగతి మీద ఏళ్ళ తరబడి దెప్పుతూనే ఉంది.

"ఊరందరికీ ఆయ్ అంటారు. నాకు మాత్రం ఊఁ కూడా మిగల్చరు."

దానికీ అతను ఊఁ అనడు. నవ్వి ఊరుకుంటాడు.

పెద్దిరాజుది గోదావరి మధ్య లంక ఊరు. యాభై దాటాయి. పొడుగ్గా, ఎండిన కొబ్బరిమట్టలాగా ఉంటాడు. పాదాలు రెండూ వేళ్ళ దగ్గర వెడల్పయి, లోపలికి తిరిగి ఉంటాయి. పాతికేళ్ళు కొబ్బరిచెట్లెక్కి దింపులు తీసిన కాళ్ళవి. రొమ్ము మీద వెంట్రుకలు మొలవని చార ఒకటి, బొడ్డు దాకా, చెట్టు రాసుకుని రాసుకుని నున్నబడింది. తోట చిన్నదైనా పెద్దదైనా, రైతు మంచివాడైనా కాకపోయినా, అతను చెట్టెక్కితే ఆ చెట్టు మీద పండిన కాయ ఒక్కటి మిగలదని పేరుండేది. మాట్లాడాల్సిన పని లేదు గనక ఆ పని అతనికి బాగా నచ్చింది. చెట్టు మీద మనిషిని ఎవరూ పలకరించరు.

తర్వాత గోదావరి లంకని కొయ్యడం మొదలెట్టింది. ప్రతి వరదకీ ఒక వరస చెట్లు. గట్టున నిలబడి చూస్తూ ఉండగానే మట్టి పెళ్ళ విరిగి, చెట్టు చెట్టులాగే నిలువునా నీళ్ళలోకి దిగిపోయేది. ముందు వేరేవాళ్ళ తోటలు పోయాయి, తర్వాత వాళ్ళ నాన్న వేసిన చెట్లు పోయాయి, ఆ తర్వాత ఇల్లు. ఇంటికి పునాది తీసినవాడు ఇక్కడిదాకా ఏరు రాదని చెప్పాట్ట. ఏటికి ఆ సంగతి తెలిసినట్టు లేదు. అప్పట్నుంచీ గట్టు పక్కన పాకలో ఉంటున్నారు. వాన కురిస్తే దుర్గ గిన్నెలన్నీ చూరు కింద పరుస్తుంది.

వంతెన కడుతున్నప్పుడు ఎత్తుకి భయపడని మనుషులు కావాలన్నారు. పెద్దిరాజు వెళ్ళాడు. వంతెన అయిపోయాక ఎక్కణ్ణుంచో వచ్చినవాళ్ళంతా ఎక్కడికో వెళ్ళిపోయారు. అతణ్ణి మాత్రం కింద శుభ్రం చెయ్యడానికి ఉంచేశారు. పైన వెళ్ళేవాళ్ళెవరికీ వంతెనకి కింద ఇంత పని ఉంటుందని తెలీదు. దుర్గకే తెలిసేది కాదు, అతను చెప్పకపోతే.

ఆ పిల్లర్ల నెత్తిన, రోడ్డుని మోసే పెద్ద గర్డర్లకీ పిల్లరుకీ మధ్య, ఒక్కొక్క చోట ఇనప గొట్టాలు పడుకోబెట్టి బిగించారు. మనిషి పొడుగు, తాటిదుంగంత లావు. కాగితాల్లో వాటి పేరు డ్యాంపర్లు. కింద పనిచేసేవాళ్ళకి మాత్రం అవి పంపులు, ఎందుకంటే సైకిలు పంపులాగా ఒక గొట్టంలోంచి ఇంకో కడ్డీ బయటికొచ్చి ఉంటుంది. ఆ కడ్డీ మీద అద్దంలాంటి మెరుపు. దాన్ని కప్పుతూ ముడతలు ముడతల రబ్బరు తొడుగు. పంపు దేనికని మొదట్లో ఎవరూ అడగలేదు. ఇంజనీరు ప్రవీణ్ కుమారే ఒకరోజు అందర్నీ కూర్చోబెట్టి చెప్పాడు. భూకంపం వస్తే వంతెన పైభాగం ఊగుతుందిట. ఊగి ఊగి పిల్లరు మీంచి జారిపోతే అంతే. ఈ గొట్టంలో జిగురులాంటి చిక్కటి నూనె ఉంటుంది. ఎండకి వంతెన మెల్లమెల్లగా సాగితే పంపు ఏమీ అనకుండా దారిస్తుంది. అదే గబుక్కున కుదిపితే బిగుసుకుంటుంది. కుదుపంతా తను మింగి, వేడెక్కి, వంతెనని నిలబెడుతుంది.

పెద్దిరాజు ఆరోజు ఇంటికి వెళ్ళి అన్నం తింటూ ఈ సంగతంతా చెప్పాడు. అతను అంతసేపు మాట్లాడటం దుర్గ ఎప్పుడూ చూడలేదు. మజ్జిగ పొయ్యడం మర్చిపోయి వింది.

"మెల్లగా అడిగితే కదులుతుంది, గబుక్కున అడిగితే బిగుసుకుంటుంది, అంతేనా అండీ?" అంది ఆఖర్న. "మరి దాన్ని కంపెనీలో చేయించడం దేనికి? మిమ్మల్ని అడ్డంగా పడుకోబెడితే సరిపోయేది కదా."

నిజానికి నవ్వులాటగా అన్న మాటే గాని, దుర్గకి అతని సంగతి తెలిసినంతగా ఇంకెవరికీ తెలీదు. పెళ్ళయిన కొత్తలో తొలికాన్పు బిడ్డ పోయాడు. వరదలో పడవ దాటించేసరికి ఆలస్యమైంది. పెద్దిరాజు ఏడవలేదు, ఓదార్చలేదు, ఒక్క మాట అనలేదు. మర్నాడు పొద్దున్నే దింపులకి వెళ్ళిపోయాడు. దుర్గ పుట్టింటివాళ్ళు వీడికి గుండె లేదన్నారు. దుర్గ కూడా అనుకుంది. ఆ వరద తీసి, వరి కోసి, మళ్ళీ ఎండలు ముదిరాక ఒకరోజు ఆమె వాకిట్లో చేపలు తోముతుంటే పక్కన కూర్చుని, "వాడికి నీ ముక్కే వచ్చింది," అన్నాడు. దుర్గ బూడిద చేతులతోనే మొహం కప్పుకుని ఏడ్చింది. అప్పట్నుంచి ఆమెకి ఒకటి అర్థమైంది. ఈ మనిషి దగ్గర మాట లేకపోవడం కాదు, రావడానికి చాలా కాలం పడుతుంది. కూతురు లావణ్యని ముమ్మిడివరం ఇచ్చి పంపినప్పుడూ అంతే. పిల్ల అత్తవారింట పాతబడిపోయాక, కూర్చున్నవాడు కూర్చున్నట్టే, "ఇల్లు బోసిగా ఉందే," అన్నాడు.

కానీ వీసా అంతకాలం ఆగదు. గట్టుకి ఇవతల ప్రభుత్వం ఇచ్చిన జాగాలో రెండు గదులు వేసుకోవాలని దుర్గ కోరిక. పైన శ్లాబు, వాన వస్తే గిన్నెలన్నీ వంటింట్లోనే ఉండే ఇల్లు. అతని సంపాదనతో అది ఈ జన్మకి కాదు. ఊళ్ళో ఇంటికొకరు కువైట్‌లోనో మస్కట్‌లోనో ఉన్నారు. ఆమే ఏజెంటుతో మాట్లాడింది, ఆమే కాగితాలు పెట్టింది. కుదురుతుందో లేదోనని మొగుడికి చెప్పలేదు. కుదిరాక ఒక సాయంత్రం, అతను కాళ్ళు కడుక్కుని లోపలికి వస్తుంటే గుమ్మంలోనే చెప్పేసింది.

"వీసా వచ్చిందండి. ఈ వారంలోనే ప్రయాణం. వెళ్ళమంటారా?"

పెద్దిరాజు చెంబు కింద పెట్టాడు. వెళ్ళొద్దని అనడానికి అతనికి మనసొప్పలేదు, ఆమె అడిగిందాంట్లో తప్పేముంది? వెళ్ళమనడానికి నోరు రాలేదు. పీట వాల్చుకుని అన్నం తిన్నాడు, పడుకున్నాడు. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. దుర్గ అరవలేదు. నిన్న బట్టలు సర్దుకుంటూ, అతని వైపు చూడకుండా, చెప్పాల్సింది చెప్పేసింది.

"నాకు మీ పర్మిషన్ ఎందుకండీ, వెళ్ళేది ఎలాగూ వెళ్తాను. కానీ మీరు పంపించినట్టుండాలి. దొంగతనంగా పారిపోయినట్టుండకూడదు. ఒక్క ఆయ్ అనండి. అందరికీ అన్నట్టే. ఫోనులో వద్దు, ఫోనులో ఎవరైనా అంటారు. ఎదురుగా అనండి."

ఇవాళ చీకటుండగానే అతను పనికి బయల్దేరుతుంటే వాకిట్లోకి వచ్చి నిలబడింది. అతను చెప్పు తొడుక్కున్నాడు, ఇంకో చెప్పు తొడుక్కున్నాడు. దుర్గ అర్థం చేసుకుని, "సరే, ఇంకా టైముంది. వ్యానుని వంతెన మీద మీ పిల్లరు దగ్గర ఆపమంటాను. పైకి రండి," అంది. అతను తలూపాడు. దారి పొడుగునా ఆ మాటని అనుకుంటూ నడిచాడు. ఒంటరిగా ఉన్నప్పుడు అది హాయిగా వచ్చేస్తోంది.

ఇంక కొబ్బరినూనె సంగతి. సముద్రం ఎంతో దూరం లేదు, దక్షిణపు గాలి తిరిగితే ఆ ఉప్పుకి కొత్త మేకు కూడా కొన్నాళ్ళకి ఎర్రబారుతుంది. పెద్దిరాజుకి ఆ మెరిసే కడ్డీల మీద బెంగ పట్టుకుంది. పైనుంచి రోజూ ఇన్ని బస్సులు, ఇంతమంది పిల్లలు వెళ్తారు. కడ్డీలు తుప్పుపట్టి భూకంపం వచ్చిన రోజున కదలకపోతే? ఇంట్లో ఆ మాటంటే దుర్గ ఆలోచించి, గానుగ నుంచి తెచ్చిన కొబ్బరినూనె సీసాలో పోసిచ్చింది. కత్తిపీటకి రాసేది అదే, తలుపు బందులకి అదే, పిల్లల మాడుకి అదే. ఉప్పుగాలికి దాన్ని మించింది లేదని ఆ ఇంట్లో తరతరాల నమ్మకం. పెద్దిరాజు ఒక్కొక్క పంపుకీ రబ్బరు తొడుగు బిగింపు వదులు చేసి, గుడ్డతో కడ్డీకి నూనె పట్టించి, మళ్ళీ బిగించేశాడు. చంటిపిల్లకి రాసినంత జాగ్రత్తగా రాశాడు. అలా చెయ్యమని ఎవరూ అనలేదు, వద్దని కూడా అనలేదు.

ఎండ నడినెత్తికి ఎక్కుతుండగా ప్రవీణ్ కుమార్ నిచ్చెన దిగి వచ్చాడు. తనిఖీ వచ్చే వారం అనుకున్నారు, ముందే వచ్చేశాడు. మంచి కుర్రాడు, ఎవర్నీ ఏకవచనంలో పిలవడు. టార్చి వేసి పంపులన్నీ చూసుకుంటూ వస్తున్నవాడు ఒకచోట ఆగిపోయాడు.

"ఇదేంటండీ, ఇక్కడ చీమలేంటి?"

నల్ల చీమలు బారులు కట్టి రబ్బరు ముడతల్లోకి వెళ్తున్నాయి, వస్తున్నాయి. తొడుగు ఉబ్బి, జిగటగా, నొక్కితే వేలిముద్ర పడేటట్టుంది. ప్రవీణ్ కుమార్ బిగింపు విప్పి వెనక్కి జరిపాడు. కడ్డీ మీద మెరుపు లేదు. నూనె, దుమ్ము, పావురాల ఈకల నూగు, చచ్చిన చీమలు కలిసి నల్లటి మడ్డి కట్టాయి. వాసన మాత్రం కమ్మగా ఉంది.

"ఎవరు విప్పేరండీ దీన్ని?"

"నేనేనండి."

"ఏం పూసేరు?"

"కొబ్బరినూనండి. తుప్పు పట్టకుండా ఉంటుందనండి."

ప్రవీణ్ కుమార్‌కి ముందు నవ్వొచ్చింది, తర్వాత నవ్వు పోయింది. "దీనికి తుప్పు పట్టదండీ, పైన పూత ఉంటుంది. నూనె రాస్తే దుమ్ము అంటుకుంటుంది. ఆ దుమ్ముతో కడ్డీ లోపలికీ బయటికీ ఆడితే అక్కడి సీలు గీరుకుపోతుంది. లోపలి నూనె కారిపోయిందనుకోండి, ఇంక ఇది వట్టి గొట్టమే. భూకంపం వచ్చిన రోజున ఏం కాపాడుతుంది?"

పెద్దిరాజు చెయ్యి చాపి కడ్డీ మీద చచ్చిన చీమని తీశాడు. తిట్టి ఉంటే ఇంత బాధగా ఉండేది కాదు. ఇన్నాళ్ళూ తను కాపాడుతున్నాననుకున్నదాన్ని తనే పాడుచేశాడు. నూనె ఎవరిచ్చారని ఇంజనీరు అడగలేదు, అడిగినా అతను చెప్పేవాడు కాదు.

"ఎన్నింటికి రాసేరు?"

"అన్నింటికీనండి."

ఇంజనీరు నుదురు పట్టుకుని కాసేపు కూర్చున్నాడు. తర్వాత లేచాడు. "సరే, ఇంకా గీతలు పడినట్టు లేదు. అదృష్టం. కొత్త తొడుగులు కొన్ని నా బండిలో ఉన్నాయి. మీరు ముందు తుడుచుకుంటూ వెళ్ళండి, వెనకాల నేను తొడుగుతూ వస్తాను. మధ్యలో ఆపితే గాలికి మళ్ళీ దుమ్ము పడుతుంది, ఇంక మొదటికొస్తుంది. సాయంత్రం లోపల అయిపోతే పైవాళ్ళకి రాయక్కర్లేదు. ఇక్కణ్ణుంచి కదలకుండా చేసేస్తారా?"

ఇప్పుడు చెప్పాలి. మా ఆవిడ ఇవాళ ఊరెళ్తోందండి, కాసేపు పైకి వెళ్ళొస్తానండి. అంతే. పొద్దున అబ్రహాముతో చెప్పే ఉంచాడు, "వ్యాను రాగానే వెళ్ళిపోండి బాబాయ్" అని అతను అన్నాడు కూడా. అబ్రహాము ఉంటే తనే చెప్పేవాడు. కానీ అతను గుడ్డలూ కడిగే మందూ తెస్తానని పొద్దున్నే అమలాపురం వెళ్ళాడు. పెద్దిరాజు నోరు తెరిచాడు.

"ఆయ్," అన్నాడు.

ఎంత తేలిగ్గా వచ్చిందో! అని, తనే ఉలిక్కిపడ్డాడు. ఇంజనీరు అప్పటికే వెనక్కి తిరిగాడు.

ఇంక తుడవడం. మెత్తటి గుడ్డ, ఇంజనీరు ఇచ్చిన ద్రావకం, మళ్ళీ పొడిగుడ్డ. గట్టిగా రుద్దకూడదు. ఒక పంపు మెరుపు తిరిగొచ్చేసరికి భుజాలు లాగేస్తున్నాయి. భోజనం మాట ఇద్దరూ ఎత్తలేదు. మధ్యమధ్య ఇంజనీరు పక్క పిల్లరు మీంచి "అయిందాండీ?" అంటున్నాడు. పెద్దిరాజు ఆయ్ అంటున్నాడు. పైన బళ్ళు రోడ్డు ముక్కలు కలిసే జాయింటు దాటినప్పుడల్లా టపటపమని చప్పుడు. బస్సుది ఒకలాగా, లారీది ఒకలాగా, ఆటోది ఒకలాగా ఉంటుంది. వ్యాను చప్పుడు వచ్చినప్పుడల్లా అతని చెయ్యి ఆగుతోంది, అది వెళ్ళిపోయాక మళ్ళీ కదులుతోంది. అబ్రహాము వస్తాడు, వస్తే చెప్తాడు, అనుకున్నాడు. వ్యాను ఆలస్యమవుతుందేమో అనుకున్నాడు. టైరు పంచరయితే బాగుండునని కూడా అనుకుని, తప్పని లెంపలేసుకున్నాడు.

వ్యాను ఆలస్యం కాలేదు. సరిగ్గా నెత్తిమీద వచ్చి ఆగింది. తలుపు జరిగిన చప్పుడు, చెప్పుల చప్పుడు. రెయిలింగు దగ్గర, జాయింటు చివర సందులోంచి దుర్గ గొంతు కిందికి దిగింది.

"ఏవండీ! ఉన్నారా అండీ?"

పెద్దిరాజు గభాలున లేచాడు. తల గర్డరుకి కొట్టుకుంది. సందులోంచి ఆకాశం ముక్క, అందులో దుర్గ చీర అంచు కనబడ్డాయి. కొత్త చీర. మొహం కనబడలేదు. చేతిలో గుడ్డ, ఎదురుగా సగం తుడిచిన కడ్డీ.

"పైకి రావడానికి కుదర్లేదా? సారుగారున్నారేంటి, బండి కనపడింది. సరే, రాకండి, పని మానుకుని రాకండి. నేను చెప్తాను, మీరు వినండి." ఆమె గొంతు ఆయాసంగా ఉంది. "కోడిపిల్లల్ని పొద్దుగూకే లోపల గంప కింద మూసెయ్యండి, లేకపోతే ముంగిస వదలదు. దగ్గొస్తే మిరియాలు దంచి ఉంచేను, చిన్న డబ్బాలో. లావణ్య వచ్చి కూర వండి వెళ్తానంది, మీరు వద్దనకండి. వానొస్తే గిన్నెలు పెట్టండి. అంతేనండి."

అంతే కాదని ఇద్దరికీ తెలుసు. పైన ఒక లారీ వెళ్ళింది, కొంతసేపు ఏమీ వినబడలేదు.

"ఏవండీ. మరి వెళ్ళమంటారా?"

అతని నోరు తెరుచుకునే ఉంది. పొట్టలోంచి మాట బయల్దేరింది, గుండె దాకా వచ్చింది, అక్కడ నిలబడిపోయింది. ఇరవైయేడేళ్ళ కాపురం ఒక్కసారి నెత్తిమీద నిలబడి అడుగుతుంటే, దానికి రెండక్షరాలతో జవాబు ఎలా చెప్పడం? అంటే ఆమె వెళ్ళిపోతుంది. అనకపోయినా వెళ్ళిపోతుంది. చేతిలో గుడ్డని పిడికిలి బిగించి పట్టుకున్నాడు. కళ్ళమ్మట నీళ్ళు మాత్రం సులువుగా వచ్చాయి.

"వినపడిందాండీ?" దుర్గ ఇంకా కిందికి వంగినట్టుంది, గొంతు దగ్గరయింది. "ఒక్క మాట. ఆయ్ అనండి. నా మీద కోపమైతే కోపంగానే అనండి."

కోపం! ఆమె అలా అనుకుంటోందని అతనికి అప్పటిదాకా తెలీదు. కాదని చెప్పాలని ఇంకో మాట వచ్చి, మొదటి మాటకి అడ్డం పడింది.

"అమ్మా, వంతెన మీద బండి ఆపకూడదండీ," ఎవరో మగగొంతు. డ్రైవరు కాబోలు. "వెనక లారీలు ఆగిపోయేయి. రండమ్మా."

పైన హారన్లు మోగాయి.

"సరేనండి," అంది దుర్గ. ఆ గొంతులో కోపం లేదు. "వెళ్ళొస్తాను. జాగ్రత్త."

చెప్పుల చప్పుడు దూరమయింది. తలుపు మూసుకుంది. వ్యాను కదిలి జాయింటు దాటింది, టపటపమని, అన్ని వ్యాన్లలాగే. పెద్దిరాజు ఆ చప్పుడు వినబడినంత మేరా విన్నాడు. అది వేరే చప్పుళ్ళలో కలిసిపోయింది. ఇంకో లారీ వెళ్ళింది, ఒక బస్సు వెళ్ళింది.

అప్పుడు వచ్చింది.

"ఆయ్," అన్నాడు. మామూలుగా, ఎదురుగా ఉన్నవాళ్ళతో అన్నట్టు. తర్వాత గట్టిగా అన్నాడు. "ఆయ్, వెళ్ళిరా దుర్గా. కోపం కాదే, నాకు కోపమెందుకు. వెళ్ళిరా."

పావురాలన్నీ ఒక్కసారి రెక్కలు కొట్టుకుంటూ బయటికి ఎగిరిపోయాయి. అతని మాట గర్డర్ల మధ్య కొంతదూరం వెళ్ళింది.

పక్క పిల్లరు మీంచి ప్రవీణ్ కుమార్ తొంగిచూశాడు. "పిలిచేరాండీ?"

"లేదండి."

"మరి ఎవరితో మాట్లాడుతున్నారు?"

"మా ఆవిడతోనండి." తువ్వాలు మొహం మీంచి తీసేశాడు. "కువైట్ వెళ్తోందండి. ఇందాక పైన వ్యాను ఆగింది చూడండి, అందులో. చెప్పి వెళ్దామని దిగింది."

ప్రవీణ్ కుమార్ చేతిలో తొడుగు అలాగే ఉండిపోయింది. "అయ్యో! ముందే చెప్పొచ్చు కదండీ పెద్దిరాజుగారూ! పది నిమిషాల్లో మునిగిపోయేదేముంది ఇక్కడ? నేను తుడుచుకునేవాణ్ణి కదా. వెళ్ళండి, వెళ్ళండి, ఇంకా ఉన్నారేమో చూడండి."

"ఆయ్," అన్నాడు పెద్దిరాజు.

గుడ్డ మడిచి కడ్డీ పక్కన పెట్టి, నిచ్చెన ఎక్కాడు. తొందరపడలేదు. ఒక్కో మెట్టే ఎక్కాడు, కొబ్బరిచెట్టు ఎక్కినట్టు, పాదాలు లోపలికి తిప్పి. పైకి రాగానే ఎండ కళ్ళలో కొట్టింది. రోడ్డు రెండువైపులా తెల్లగా ఉంది. అమలాపురం వైపు ఒక గడ్డి ట్రాక్టరు, దాని వెనక ఇద్దరు మనుషులెక్కిన మోటారు సైకిలు వెళ్తున్నాయి. వ్యాను లేదు. గోదావరి మీంచి గాలి వచ్చి చెమటకి చల్లగా తగిలింది. దుర్గ వంగి నిలబడ్డ చోటుకి నడిచి, తనూ అలాగే రెయిలింగు పట్టుకుని కిందికి వంగి చూశాడు. అక్కణ్ణుంచి పిల్లరు అంచు కనబడుతోంది. లోపల మనిషి ఉన్నాడో లేడో తెలియడం లేదు. అంటే ఆమె, ఉన్నాడో లేడో తెలియని మనిషితో అంతసేపు మాట్లాడింది.

వంగినవాడు లేవబోతూ కాళ్ళ దగ్గర చూశాడు. రెయిలింగు మొదట్లో, నీడ పడినంత మేర, దుర్గ అతనికోసం కొని తెచ్చి పెట్టి వెళ్ళిన కొబ్బరిబొండం ఉంది. దొర్లిపోకుండా కింద చిన్న రాయి అడ్డం పెట్టింది. పైన చెక్కి, స్ట్రా గుచ్చి ఉంది, ఒక లారీ దాటినప్పుడు లోపలి నీళ్ళు అంచుదాకా కదిలి, చాలాసేపటికి నిలిచాయి.